సిరొంచలో ఒక పూట

ప్రాణహిత మీద వంతెన సగం దాటగానే
సంచిలో ఫోను ఉలిక్కిపడి
మహారాష్ట్రకు స్వాగతం అంది.
కింద నీళ్లకు ఆ కబురు అందినట్టు లేదు.

బస్టాండులో బోర్డులన్నీ నాగరి లిపిలో,
వాటి కింద తిట్లన్నీ తెలుగులో.
అటుకుల మీద ఎర్రటి రసం పోస్తూ
"కారం జర జాస్తి ఉంటది అక్కా" అన్నాడు హోటలాయన.
మిరప పండించే ఊరు, దాచుకోదు.

నేనొచ్చింది చరిత్ర చూడటానికి.
ముప్పై నాలుగేళ్లు దాన్ని పాఠంగా చెప్పి
ఒక్క కోటగోడనైనా చేత్తో తాకని టీచరమ్మని.
టికెట్ ఎక్కడిస్తారని అడిగితే
చాయ్ గ్లాసు దించి ఒకాయన నవ్వాడు.
"టికెట్టా? నా యెంట రాండ్రి."
తోకల గట్టయ్య. వంతెన రాకముందు పడవ నడిపాడట.
మరి ఇప్పుడో?
"గిదే. ఊరు సూపిస్త."

చూపించాడు.
"గీడ బురుజు ఉండె."
మొబైల్ టవర్.
"గీడ కచేరి. దొర కూసునేటోడు."
ఆవు నెమరేస్తోంది, తీర్పు వాయిదా వేసినట్టు.
"గీడ గుర్రాలు కట్టెటోళ్లు."
పంక్చర్ షాపు. తొట్టిలో ముంచిన ట్యూబు
బుడగ బుడగగా ఏదో ఒప్పుకుంటోంది.
ఆయన వేలు ఆగినచోటల్లా గాలే,
అయినా ప్రతిసారీ తల పక్కకు వంచి
గోడ ఉన్నట్టే తప్పుకుని నడిచాడు.
కాసేపటికి నేనూ తప్పుకున్నాను.

రాళ్లేమయ్యాయంటే మొహమాటపడ్డాడు.
సందు తిప్పి సొంత పెరట్లోకి తీసుకెళ్లాడు.
బావి వరసలో మూడు, పొయ్యికి రెండు,
ఒకటి మేకను కట్టెయ్యడానికి.
"మా తాత తెచ్చిండు. అందరు తెచ్చిన్రు."

లస్మిబాయి బట్టలుతికే బండ మాత్రం
కోటది కాదు. అసలు రాయే కాదు, మాను.
ఎప్పుడో రాయైపోయిన మాను,
వలయాలు లెక్కపెట్టొచ్చు.
రాక్షసిబల్లులు తిరిగిన నాటిదని
ఎవరో సార్లు జీపులో వచ్చి చెప్పారట,
ఎత్తుకుపోతామన్నారట.
"మరి నేనేడ ఉతకాలె?" అని పంపించేసిందట.
మాట పూర్తికాకుండానే
తడి దుప్పటి ఒక కొస నా చేతికిచ్చి
"పిండు బిడ్డా" అంది.
పిండాను.
కోట్ల ఏళ్ల మీంచి సబ్బునీళ్లు జారి
గోంగూర మడిలోకి పోయాయి.

ఎండ దిగాక తెల్లవాళ్ల సమాధుల వైపు.
పలక మీద పేరు చెరిగిపోయింది,
వయసు మిగిలింది. ఏడాది, నాలుగు నెలలు.
చుట్టూ మిరపకాయలు ఆరబోశారు ఎవరో,
ఎర్రటి జాజిమంత మేర.
పలక ఉన్నంత చోటు మాత్రం వదిలేశారు,
అంచు చెదరకుండా, చీపురుతో సర్ది.
దొరల పన్నుల గురించి, తుపాకుల గురించి
ఎన్ని పరీక్షల్లో ఎన్ని ప్రశ్నలిచ్చాను.
ఈ ఏడాది నాలుగు నెలల గురించి ఎవరినీ అడగలేదు.
ఘాటుకు కళ్లు మండాయి. ఘాటుకే అనుకున్నాను.

చివర్న రేవు.
ఎవరూ దిగని మెట్లు, తాడు ఒరిసి నున్నబడ్డ గుంజ.
గట్టు మీద బోర్లించిన పడవ,
నలుపు ఊడుతున్న తారు.
ఒక్కసారి నీళ్లలో దించుతావా అన్నాను.
గట్టయ్య మోకాళ్ల మీద కూచుని
అంచు బెత్తెడు ఎత్తి చూపించాడు.
చీకట్లో గుడ్ల మీద కోడి.
రెండు కళ్లూ నా మీదే పెట్టి కదల్లేదు.
"ఇంక ఆరు దినాలు. అప్పటిదాంక పడవ ఏడికి పోదు."

ఏమిమ్మంటావంటే చాలాసేపు ఆలోచించాడు.
"అవతలి ఒడ్డుకు పది రూపాయలుండె."
ఇచ్చాను. నోటు కళ్లకద్దుకుని
అలవాటు కాబోలు, నది వైపు తిరిగి
గొంతంతా తెరిచి కేకేశాడు.
"ఇంకెవలన్న ఉన్నరా... పోతున్నం..."

కాసేపు చూశాం ఇద్దరం.
పడవ కింద కోడి ఒకసారి గొణిగింది.